తుంటి విరిగిన అమ్మను మర్నాడే నడిపించవచ్చా? ఎముక పనితీరు గురించి కాస్త వివరంగా

మీరు రాసినది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. అమ్మగారికి 68 ఏళ్ళు. బాత్రూంలో జారిపడి తుంటి దగ్గర తొడ ఎముక విరిగింది. లోపల రాడ్ వేసి ఆపరేషన్ చేశారు, రక్తం కూడా ఎక్కించారు. మర్నాడే వాకర్ పట్టుకుని నిలబడమన్నారు. "అతకని ఎముక మీద బరువు మోపితే మళ్ళీ విరగదా, మూడు నెలలు మంచం దిగకూడదు" అని ఇంట్లో పెద్దవాళ్ళు పట్టుబడుతున్నారు. పుత్తూరు కట్టు కట్టిస్తే ఆపరేషనే అక్కర్లేకపోయేదని ఇంకొకరి మాట. ఏళ్ళ తరబడి కాల్షియం మాత్రలు వేసుకుంటున్న మనిషికి అంత చిన్న పాటుకే ఎముక ఎలా విరిగిందని మీ అనుమానం. చివర్లో మీ ఎనిమిదో తరగతి అబ్బాయి ప్రశ్న: ఒంట్లో 206 ఎముకలుంటే అమ్మమ్మకు అదే ఎందుకు విరిగింది?

ముందు జవాబు: నడిపించండి. ఆపరేషన్ చేసిన డాక్టరు ఎంత బరువు మోపమన్నారో అంతా మోపనివ్వండి. ఈ వయసులో తుంటి విరిగినవాళ్ళకు విరిగిన ఎముక కంటే మంచమే ఎక్కువ హాని చేస్తుంది. కాల్షియం మాత్రలు వృథా కాలేదు, కానీ ఒక్క కాల్షియంతో ఎముక గట్టిపడదు. పుత్తూరు కట్టు సంగతి కింద విడిగా రాస్తాను. మీ అబ్బాయి ప్రశ్న అన్నిటికంటే మంచి ప్రశ్న, దానికీ జవాబుంది.

నేను ఎముకల డాక్టర్ని. ఎక్కువ కాలం ప్రభుత్వాసుపత్రుల్లోనే పనిచేశాను, అందులో కొన్నేళ్ళు నల్లగొండ వైపు. ఈ గొడవ దాదాపు ప్రతి తుంటి కేసులోనూ వస్తుంది. దానికి మూలం ఒక్కటే: ఎముకంటే లోపల నిలబెట్టిన కర్రో రాయో అని మనం అనుకోవడం. స్కూలు ల్యాబులో వేలాడే అస్థిపంజరం చూసి పెరిగాం కాబట్టి అలా అనిపిస్తుంది. అది ఎండిపోయిన ఎముక. ఒంట్లో ఉన్న ఎముక తడిగా, లేత గులాబీ రంగులో ఉంటుంది, కోస్తే రక్తం వస్తుంది. దానికి రక్తనాళాలున్నాయి, పైపొరలో నరాలున్నాయి (విరిగితే అంత నొప్పి అందుకే), రాత్రీ పగలూ పనిచేసే కణాలున్నాయి.

ఎముకలో ఏముంది?

మీ అబ్బాయితో ఒక పని చేయించండి. కోడికాలు ఎముకను శుభ్రంగా కడిగి సీసాలో వేసి, మునిగేదాకా వెనిగర్ పోయమనండి. రెండు మూడు రోజులకోసారి వెనిగర్ మారుస్తూ వారం పది రోజులు ఉంచితే, చూడటానికి ఎముక అలాగే ఉంటుంది కానీ వేళ్ళతో పట్టుకుంటే వంగుతుంది. లోపలి కాల్షియం ఉప్పు యాసిడ్‌లో కరిగిపోయి, కొలాజెన్ అనే ప్రోటీన్ పీచు మాత్రం మిగిలింది. ఇంకో ఎముకను నిప్పుల్లో బాగా కాల్చితే పీచు కాలిపోయి ఉప్పు మిగులుతుంది. ఆకారం చెదరదు, పట్టుకుంటే పొడి అవుతుంది.

ఎముక బరువులో మూడింట రెండొంతుల దాకా కాల్షియం, ఫాస్ఫరస్ కలిసిన ఖనిజం. మిగతాది ఎక్కువగా కొలాజెన్, కాస్త నీరు. ఖనిజం వల్ల నలిగిపోకుండా ఉంటుంది, పీచు వల్ల పెళుసుగా విరగకుండా ఉంటుంది. రెండూ ఉంటేనే ఎముక. అమ్మగారి కాల్షియం మాత్రల దగ్గరికి వచ్చేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

నిర్మాణంలోనూ రెండు రకాలు. బయట దట్టమైన గట్టి పొర. లోపల, ముఖ్యంగా ఎముకల చివర్లలో, సన్నని పలకలూ పుల్లలూ అల్లుకున్న జల్లెడ లాంటి భాగం. ఆపరేషన్‌లో తొడ ఎముక తల బయటికి తీసినప్పుడు ఈ లోపలి భాగం కళ్ళారా కనిపిస్తుంది. కష్టపడి పనిచేసే నడివయసు మనిషిదైతే ఆ అల్లిక దట్టంగా ఉండి, బొటనవేలితో నొక్కినా లొంగదు. గుల్లబారిన ఎముకైతే పుల్లలు సన్నబడి, మధ్యమధ్య తెగిపోయి, ఖాళీల్లో పసుపు కొవ్వు నిండి ఉంటుంది. నొక్కితే వేలు దిగబడుతుంది. ఈ తేడా వేలి కింద తెలిసినవాళ్ళకు "చిన్న పాటుకే ఎలా విరిగింది" అన్న ప్రశ్న రాదు.

206లో అదే ఎందుకు?

పుట్టినప్పుడు పాపాయికి 300కు దగ్గరగా ఎముక ముక్కలుంటాయి. పెరిగేకొద్దీ అవి ఒకదానితో ఒకటి కలిసిపోయి పెద్దయ్యాక 206 అవుతాయి. వెన్ను చివర విడివిడిగా ఉన్న అయిదు పూసలు ఒక్క ఎముకగా మారతాయి. పసిపిల్లల మాడు మెత్తగా కొట్టుకోవడానికి కారణం అక్కడ పుర్రె ఎముకలు ఇంకా కలవకపోవడమే, ఏడాదిన్నర వచ్చేసరికి అది మామూలుగా మూసుకుంటుంది. పిల్లల పొడుగు ఎముకల చివర్లలో పెరిగే పొర ఒకటుంటుంది. అది మూసుకున్నాక ఇక పొడుగు పెరగరు. అందుకే మణికట్టు ఎక్స్‌రే చూసి పిల్లల వయసు అంచనా కడతారు.

ఆ 206లో 80 నడుమ భాగానివి: పుర్రె, వెన్ను, పక్కటెముకలు, రొమ్ము ఎముక వగైరా. మిగతా 126 కాళ్ళూ చేతులూ, వాటిని ఒంటికి కలిపే ఎముకలూ. ఒక్కో చేతిలో మణికట్టు నుంచి వేళ్ళ దాకా 27, ఒక్కో పాదంలో 26. అంటే ఒంట్లో సగానికి పైగా ఎముకలు అరచేతుల్లో, పాదాల్లోనే ఉన్నాయి. సూదిలో దారం ఎక్కించేంత, ఎగుడుదిగుడు గట్టు మీద నడిచేంత సున్నితమైన కదలిక కావాలంటే అన్ని కీళ్ళు ఉండాల్సిందే. పుర్రె, పక్కటెముకల పని వేరు, అవి మెదడునూ గుండెనూ ఊపిరితిత్తులనూ కాపాడాలి. చెవి లోపల మూడు మిల్లీమీటర్ల ఎముక కూడా ఉంది, శబ్దాన్ని లోపలికి చేరవేయడమే దాని పని. ఏ ఎముక ఆకారం చూసినా అది చేసే పని తెలిసిపోతుంది.

ఇప్పుడు తొడ ఎముక. ఒంట్లో అన్నిటికంటే పొడవైనదీ బలమైనదీ ఇదే. నిలువునా వచ్చే బరువును అద్భుతంగా మోస్తుంది. కానీ దాని పైభాగం తిన్నగా ఉండదు. గుండ్రటి తల, దాని కింద సన్నని మెడ, ఆ మెడ సుమారు 125–130 డిగ్రీల కోణంలో కిందికి వంగి కాడను కలుస్తుంది. కాళ్ళు ఎడంగా ఉండి, నడుస్తున్నప్పుడు తుంటి అన్ని వైపులకూ తిరగాలంటే ఆ వంపు కావాలి. ఆ సౌకర్యం కోసం ఒళ్ళు ఒప్పుకున్న బలహీనత అది. అక్కడ బరువు తిన్నగా దిగదు, ఎముకను వంచుతూ దిగుతుంది. పైగా అక్కడ జల్లెడ భాగం ఎక్కువ. ఎముక గుల్లబారడం మొదలైతే ముందు పోయేది ఆ భాగమే.

దీనికి తోడు, పడే తీరు మారుతుంది. యాభైల్లో ఉన్నవాళ్ళు జారితే చెయ్యి ముందుకు పెడతారు, మణికట్టు విరుగుతుంది. డెబ్భైకి దగ్గరపడ్డాక చెయ్యి అంత వేగంగా రాదు, ఒంటి పక్కకు నేరుగా పడతారు, దెబ్బంతా తుంటి మీదే. వెన్నుపూసలైతే పడకుండానే కూడా అణిగిపోతాయి, బిందె ఎత్తినా దగ్గినా చాలు. వయసుతో ఎత్తు తగ్గడం, వీపు వంగడం చాలామందిలో ఆ అణగడం వల్లే. మణికట్టు, వెన్ను, తుంటి: గుల్లబారిన ఎముకలు ఎక్కువగా విరిగే మూడు చోట్లు ఇవే.

బరువు మోపితే ఏమవుతుంది?

ఎముక లోపల రెండు రకాల కణాలు నిరంతరం పనిలో ఉంటాయి. పాత ఎముకను తవ్వి తీసేవి ఆస్టియోక్లాస్టులు, ఆ చోట కొత్త ఎముక వేసేవి ఆస్టియోబ్లాస్టులు. పెద్దవాళ్ళలో ఏటా సుమారు పదో వంతు ఎముక ఇలా కొత్తదవుతుంది. ఎక్కడ ఎక్కువ వేయాలి, ఎక్కడ తీసేయాలి అన్నది ఆ చోట పడే బరువును బట్టి తేలుతుంది. జర్మనీ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే ఈ సూత్రం రాశాడు: పని పడిన చోట ఎముక బలపడుతుంది, పని లేని చోట కరుగుతుంది. టెన్నిస్ ఆటగాళ్ళకు రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి కంటే లావుగా ఉంటుంది. అంతరిక్షంలో నెలల తరబడి బరువు లేకుండా తేలేవాళ్ళకు తుంటి ఎముక నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం దాకా తగ్గుతుంది, వాళ్ళు ఆరోగ్యవంతులూ వయసులో ఉన్నవాళ్ళూ అయినా సరే. మంచం మీద ఉన్న 68 ఏళ్ళ మనిషి సంగతి వేరే చెప్పాలా?

విరిగిన ఎముక అతకడానికి కూడా ఇదే సూత్రం. విరిగిన చోట ముందు రక్తం గడ్డకడుతుంది. రెండు మూడు వారాల్లో ఆ గడ్డ చోట మెత్తటి పీచు, మృదులాస్థి పట్టుకుంటాయి. తర్వాత అందులోకి కాల్షియం చేరి గట్టి ముడి పడుతుంది, ఎక్స్‌రేలో తెల్లగా మబ్బులా కనిపించేది అదే. ఆపైన నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి, కణాలు ఆ ముడిని చెక్కి పాత ఆకారానికి తెస్తాయి. చర్మం తెగితే మచ్చ మిగులుతుంది, ఎముక మాత్రం మళ్ళీ ఎముకగానే అతుక్కుంటుంది. చేతి ఎముకలకు ఆరు నుంచి ఎనిమిది వారాలు, తొడ ఎముకకు మూడు నెలలు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది.

చిన్నపిల్లల్లో ఈ చెక్కడం చూస్తే ముచ్చటేస్తుంది. ముంజేయి విరిగి కాస్త వంకరగా అతికిన ఆరేళ్ళ పిల్లాణ్ణి తీసుకుని, మళ్ళీ విరిచి సరిచేయమని అడిగిన తల్లిదండ్రులు నా దగ్గరికి చాలామంది వచ్చారు. వంకర మరీ ఎక్కువ కాకపోతే, మెలి తిరగకపోతే ఆగమనేవాణ్ణి. ఏడాది రెండేళ్ళ తర్వాతి ఎక్స్‌రేలో ఏ చెయ్యి విరిగిందో వెతుక్కోవాల్సి వచ్చిన పిల్లలున్నారు. పెద్దవాళ్ళలో ఇంత వెసులుబాటు ఉండదు.

అమ్మగారికి వేసిన రాడ్ ఆ మూడు నెలలూ బరువును ఎముకతో పంచుకోవడానికే. నిలబడినప్పుడు విరిగిన ముక్కలు ఒకదానికొకటి ఒత్తుకుంటాయి, ఆ ఒత్తిడే కొత్త ఎముక వేయమని కణాలకు అందే సంకేతం. మంచంలో పడుకోబెడితే ఆ సంకేతం అందదు. పైగా పడక పుళ్ళు, ఊపిరితిత్తుల్లో నిమ్ము, మూత్రంలో ఇన్ఫెక్షన్, కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టడం: ముసలివాళ్ళు తుంటి విరిగాక పోయేది ఎక్కువగా వీటితోనే. ఒకప్పుడు ఆపరేషన్ వీలుకాక కాలికి బరువు కట్టి నెలల తరబడి పడుకోబెట్టేవాళ్ళం. ఎముక అతికేది, మనిషి లేచేవాళ్ళు కాదు. ఇప్పుడు వీలైతే 48 గంటల లోపే ఆపరేషన్ చేసి మర్నాడే నిలబెట్టడానికి కారణం ఆ అనుభవమే.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. విరిగిన తీరు మరీ ముక్కలుముక్కలుగా ఉంటే, లేదా ఎముక మరీ గుల్లగా ఉండి రాడ్ స్క్రూ పట్టు మీద డాక్టరుకు నమ్మకం లేకపోతే, కొన్ని వారాలు పాదం ఆనించి సగం బరువే వేయమంటారు. ఎక్స్‌రే కళ్ళారా చూసినవాళ్ళ మాట వినండి, నా మాటైనా దాని తర్వాతే.

అమ్మగారికి రాడ్ వేశారు, తెలిసినవాళ్ళకెవరికో "బాల్ మార్చారు", ఎందుకీ తేడా అని కూడా అనిపించవచ్చు. తొడ ఎముక తలకు రక్తం ఎక్కువగా మెడ మీదుగా పాకే సన్నని నాళాల నుంచి వస్తుంది. మెడ దగ్గర విరిగితే ఆ నాళాలు తెగి తల ఎండిపోయే ప్రమాదం ఉంది, అందుకే పెద్దవయసులో తలనే తీసి లోహపు బాల్ పెడతారు. మెడకు కింద విరిగితే రక్తప్రసరణ బాగానే ఉంటుంది, రాడ్‌తో నిలబెడితే చక్కగా అతుకుతుంది. మీ అమ్మగారిది ఈ రెండో రకం.

ఇక రక్తం ఎక్కించడం. బయట చుక్క రక్తం కనపడలేదు కదా అని మీరు ఆశ్చర్యపోయారు. తొడ ఎముక విరిగితే తొడ కండల్లోనే లీటరు దాకా రక్తం చేరిపోవచ్చు. ఎముక లోపలి మజ్జలోనే రక్తకణాలు తయారవుతాయి. పెద్దవాళ్ళలో కటి ఎముక, వెన్నుపూసలు, రొమ్ము ఎముక, పక్కటెముకలు, తొడ ఎముక పైభాగం ఈ పని చేస్తాయి, సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్రకణాలు. పోయిన రక్తాన్ని ఆ మజ్జే మళ్ళీ తయారుచేసుకోవాలి కాబట్టి ఈ కొద్ది నెలలూ ఆవిడ తిండిలో ఇనుము, ప్రోటీన్ తగ్గకూడదు.

పుత్తూరు కట్టు గురించి

మన దగ్గర దీని మీద ఉన్న నమ్మకం చిన్నది కాదు, నేను తీసిపారేయను. చేతి ఎముక బీటవారి, ముక్కలు పక్కకు జరగకపోతే, కదలకుండా ఏ కట్టు కట్టినా అతుకుతుంది. అతికేది ఎముకే, కట్టు దాన్ని కదలకుండా ఉంచుతుంది, అంతే. మేం కట్టే పిండికట్టుకైనా ఇదే మాట వర్తిస్తుంది. కానీ తుంటి దగ్గర ఒంట్లోకెల్లా బలమైన కండరాలు అతుక్కుని ఉన్నాయి. ఎముక విరగ్గానే అవి కాలిని పైకి లాగి బయటికి తిప్పేస్తాయి. అమ్మగారు పడ్డప్పుడు ఆ కాలు పొట్టిగా, పాదం పక్కకు తిరిగి కనిపించి ఉంటుంది. ఆ లాగుడును బయటి నుంచి కట్టే ఏ కట్టూ ఆపలేదు. చర్మం చీరి ఎముక బయటపడినా, కీలు లోపలికి విరుగు వెళ్ళినా, వేళ్ళు మొద్దుబారినా నేరుగా ఆసుపత్రికే రావాలి. ఎక్కడ కట్టించినా సరే, కట్టు తర్వాత వేళ్ళు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, వేళ్ళు కదిపితే భరించలేని నొప్పి ఉన్నా తెల్లారేదాకా ఆగకండి. ఆ గంటల్లోనే కండరాలు చచ్చిపోతాయి.

కాల్షియం మాత్రలు వేసుకున్నా ఎందుకు?

ఒంట్లో ఉన్న కాల్షియం సుమారు కిలో. అందులో 99 శాతం ఎముకల్లోనే. మిగిలిన ఒక్క శాతం రక్తంలో, కణాల్లో. ఆ ఒక్క శాతమే గుండె కొట్టుకోవడానికీ కండరాలు కదలడానికీ రక్తం గడ్డకట్టడానికీ కావాలి. రక్తంలో అది డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్యే ఉండాలి. తగ్గిందంటే మెడలో థైరాయిడ్ వెనకున్న నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు వెంటనే పసిగట్టి ఎముకలోంచి తీయిస్తాయి. ఇంటి అవసరానికి గాదెలోంచి ధాన్యం తీసినట్టు ఒళ్ళు ఎముకలోంచి కాల్షియం తీస్తూనే ఉంటుంది. అందుకే రక్తపరీక్షలో కాల్షియం నార్మల్ అని వస్తే ఎముకలు బాగున్నాయని అర్థం కాదు. ఎముకలు గుల్లబారిన చాలామందికి ఆ పరీక్ష నార్మల్‌గానే వస్తుంది.

ఎముకలో కాల్షియంతో జంటగా ఉండే ఫాస్ఫరస్‌ను రక్తంలో కొలిచే పద్ధతిని 1925లో హార్వర్డ్ శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ప్రకటించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. ఫిస్కే–సుబ్బారో పద్ధతి అని ప్రపంచమంతా వాడింది. మీ అబ్బాయికి తప్పకుండా చెప్పండి.

ముప్ఫై ఏళ్ళ లోపు ఎంత ఎముక కూడబెట్టుకున్నామో అదే గరిష్ఠం. ఆ తర్వాత మెల్లగా తగ్గుతుంది. ఆడవాళ్ళలో నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ పడిపోతుంది. పాత ఎముకను తవ్వే కణాలను అదుపులో ఉంచేది ఆ హార్మోనే. అది తగ్గాక తవ్వకం ఎక్కువ, పూడ్చడం తక్కువ. మొదటి అయిదారేళ్ళలోనే కొందరికి 20 శాతం దాకా ఎముక పోతుంది. కాల్షియం మాత్ర ముడిసరుకు మాత్రమే ఇస్తుంది, తవ్వే కణాలను ఆపలేదు. కొలాజెన్‌కు ప్రోటీన్ కావాలి, కాల్షియం పేగుల్లోంచి రక్తంలోకి రావడానికి విటమిన్ డి కావాలి, వచ్చింది ఎముకలో చేరడానికి బరువు పడే పని కావాలి.

మన ఇళ్ళల్లో ఆవిడ వయసు ఆడవాళ్ళు తినే తిండి చూడండి. అందరికీ వడ్డించాక మిగిలిన చారన్నం, పచ్చడి. గుడ్డు పిల్లలకు, పప్పు అడుగున ఉన్నది తనకు. ఇదే నన్ను అన్నిటికంటే బాధపెట్టే విషయం, ఏ మందుల చీటీతోనూ తీరనిది. నెలసరి ఆగిన ఆడవాళ్ళకు రోజుకు సుమారు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, గ్లాసు పాలల్లో సుమారు 240, పొట్టుతో ఉన్న నువ్వుల్లో వంద గ్రాములకు వెయ్యికి పైనే. రాగి జావ, పెరుగు, నువ్వుల పొడి, పప్పు, గుడ్డు రోజూ ఆవిడ కంచంలో ఉండేలా చూడండి.

మాత్రల విషయంలో కొన్ని సంగతులు. మామూలుగా దొరికే కాల్షియం కార్బొనేట్ మాత్ర భోజనంతో వేసుకుంటే బాగా పడుతుంది. ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకూడదు, కాల్షియం ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు. థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. విటమిన్ డి 60,000 యూనిట్ల మాత్రను సాధారణంగా వారానికి ఒకటి రాస్తాం. రోజూ వేసుకుని వాంతులతో, కిడ్నీలు దెబ్బతిని వచ్చినవాళ్ళను చూశాను. చీటీ మీద స్పష్టంగా లేకపోతే మందుల షాపులో కాదు, డాక్టర్నే అడగండి. ఎండ సంగతంటారా, పొద్దున్నే లేత ఎండలో కూర్చుంటే ఒళ్ళు వెచ్చబడుతుంది కానీ విటమిన్ డి పెద్దగా తయారవదు. మన ప్రాంతంలో 11 నుంచి 2 మధ్య కాసేపు చేతులకూ కాళ్ళకూ ఎండ తగిలితే పనికొస్తుంది. నడివేసవిలో మాత్రం పెద్దవాళ్ళతో ఈ ప్రయోగం వద్దు.

ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న

చాలా ఇళ్ళల్లో రాడ్ వేయించి, కుట్లు విప్పించి, అక్కడితో వదిలేస్తారు. అసలు జబ్బు ఎముకలు గుల్లబారడం, దానికి వైద్యం ఇంకా మొదలే కాలేదు. ఒకసారి తుంటి విరిగినవాళ్ళకు రెండో వైపు విరిగే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ. వచ్చే చూపింపులో డాక్టర్ని సూటిగా అడగండి: "గుల్లబారడానికి మందు ఎప్పుడు మొదలుపెడతారు?" నిలబడ్డ ఎత్తు నుంచి పడి తుంటి విరిగిందంటేనే జబ్బు తేలినట్టు. డెక్సా స్కాన్ తీస్తే ఎంత తగ్గిందో కొలత తెలుస్తుంది, టి-స్కోర్ (వయసులో ఉన్నవాళ్ళ ఎముకతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.5 గానీ అంతకంటే కిందగానీ ఉంటే ఆస్టియోపొరోసిస్ అంటారు. మామూలు ఎక్స్‌రేలో మూడో వంతు ఎముక పోయేదాకా తేడా కనపడదు.

మందుల్లో వారానికోసారి వేసుకునే మాత్ర ఉంది. దాన్ని పరగడుపున గ్లాసు నిండా నీళ్ళతో వేసుకుని, అరగంట పడుకోకుండా ఉండాలి, లేకపోతే గొంతు కింద పుండు పడుతుంది. ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే మందూ ఉంది. కిడ్నీ పరీక్ష, పళ్ళ పరీక్ష ముందుగా చేయించాలి, విటమిన్ డి తక్కువుంటే దాన్ని సరిచేశాకే ఇవ్వాలి. ఏది సరిపోతుందో మీ డాక్టరు చూసి చెప్పాల్సిందే. ఆవిడ ఆయాసానికో కీళ్ళనొప్పులకో ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే తప్పకుండా చెప్పండి, ఎముకను గుల్ల చేసే మందుల్లో అది మొదటిది. ఆర్ఎంపీ దగ్గర "నొప్పుల మాత్ర" అని పేరు లేని పొట్లాల్లో ఇచ్చేవాటిలోనూ అది ఉండే అవకాశం ఉంది.

మీ సొంతూరు నల్లగొండ జిల్లా అన్నారు కాబట్టి ఇంకోటి. అమ్మగారు చిన్నప్పటి నుంచి బోరు నీళ్ళే తాగి ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి. ఆ నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎముక ఖనిజంలో చొరబడి దాని నిర్మాణాన్నే మార్చేస్తుంది. ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బును మన దేశంలో మొదట 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించి రాశారు. ఆ తర్వాత నల్లగొండ పేరు దీనికి పర్యాయపదమైంది. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నంతో నీళ్ళలోని ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు పెట్టింది. అక్కడ పనిచేసినప్పుడు నలభైల్లోనే వెన్ను కొయ్యబారి, మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాల్సిన మనుషుల్ని చూశాను. వాళ్ళ ఎక్స్‌రేలో ఎముకలు సుద్దలా తెల్లగా, దట్టంగా ఉంటాయి. నరాల మీద ఎముక పెరిగి కాళ్ళు పడిపోయినవాళ్ళున్నారు. అంత దట్టంగా ఉన్నా ఆ ఎముక పెళుసు. అలాంటివాళ్ళ డెక్సాలో సాంద్రత ఎక్కువ చూపించవచ్చు, ఆ అంకె చూసి బలంగా ఉందనుకుంటే పొరపాటు. ఇప్పుడు చాలా ఊళ్ళకు కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. కానీ ఎముకలో చేరినది అంత తొందరగా పోదు.

ఇంట్లో చేయాల్సిన మార్పులు కష్టమైనవి కావు. బాత్రూం గోడకు పట్టుకునే కడ్డీలు, కమోడ్ ఎత్తు పెంచడం, నేల ఎప్పటికప్పుడు ఆరబెట్టడం, రాత్రి మంచం నుంచి బాత్రూం దాకా చిన్న లైటు. వేసుకున్న చీర కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడితే కొన్నాళ్ళు నైటీయో పొట్టి లంగానో మేలు. కళ్ళలో శుక్లాలున్నాయేమో చూపించండి. నిద్రమాత్రలు, లేవగానే కళ్ళు తిరిగేలా చేసే బీపీ మాత్రలు ఉంటే డాక్టరుతో మాట్లాడి మార్పించండి. వాకర్‌తో మొదటి రోజు మంచం చుట్టూ నాలుగు అడుగులు చాలు. నొప్పి మాత్ర వేసిన అరగంటకు నడిపిస్తే భయపడకుండా వేస్తారు. వాకర్ ముందు, తర్వాత ఆపరేషన్ అయిన కాలు, ఆపైన మంచి కాలు, ఈ వరస తప్పకుండా చూడండి. కింద కూర్చోవడం, బాసింపట్టు వేయడం ఇప్పుడే వద్దు, ఎప్పుడు మొదలుపెట్టాలో ఎక్స్‌రే చూసి డాక్టరు చెబుతారు.

నడిపిస్తున్న రోజుల్లో వీటిని మాత్రం కనిపెట్టుకుని ఉండండి: ఒక పిక్క వాచి, నొక్కితే నొప్పి పుట్టడం, ఉన్నట్టుండి ఆయాసం, గుండె దగ్గర నొప్పి, కుట్ల దగ్గర ఎర్రబడి చీము కారడం, చలిజ్వరం, నిన్నటిదాకా మోపిన కాలు ఈరోజు మోపలేకపోవడం, కాలు మళ్ళీ పొట్టిగా కనిపించడం. మొదటి మూడింటికి అర్ధరాత్రైనా అంబులెన్స్ పిలవండి, మిగతావాటికి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. డిశ్చార్జి కాగితం, ఆపరేషన్ తర్వాతి ఎక్స్‌రే ఒకే కవర్లో పెట్టి వెంట తీసుకెళ్ళండి, కొత్త డాక్టరు చూసినా పోల్చుకోవడానికి అవే కావాలి.